బెల్లు మీద ఇంటిపేరు

బెర్లిన్ అపార్ట్‌మెంట్లకు ఫ్లాట్ నంబర్లుండవు. వీధి పేరు, ఇంటి నంబరు, అంతే. ఆ పైన ఎవరింటికి వెళ్లాలన్నా గుమ్మం పక్కన వరసగా ఉన్న బెల్లుల దగ్గర నిలబడి ఇంటిపేరు వెతుక్కోవాల్సిందే. ష్మిట్, యిల్మాజ్, కొవాల్‌స్కి, న్గుయెన్... వాటి మధ్య రెండు వేళ్ల వెడల్పు చీటీ మీద పట్టక, చివరి అక్షరాలు అంచు కిందికి పోయి, మనవాళ్ల ఇంటిపేరు ఒకటి కనిపిస్తుంది. పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు తారుమారైన వాళ్ల బాధ వేరు. వాళ్లు బెల్లు మీద వెంకట సాయి కృష్ణ అని మొత్తం రాసుకోవాలి. రాసుకోకపోతే బ్యాంకు కార్డు రాదు, వీసా ఆఫీసు ఉత్తరం రాదు. పోస్ట్‌మ్యాన్ చీటీ చూసే డబ్బాలో వేస్తాడు. చీటీ లేకపోతే ఆ మనిషి ఊళ్లో లేనట్టే లెక్క.

చదువుకోవడానికి వచ్చి, సాయంత్రమైతే వీపున పెద్ద సంచీ తగిలించుకుని సైకిల్ మీద తిండి డెలివరీ చేసే మాలాంటి వాళ్లకు బెర్లిన్ ముందు పరిచయమయ్యేది ఈ బెల్లుల దగ్గరే. కన్సల్టెన్సీ బ్రోషర్లో బ్రాండెన్‌బుర్గ్ గేటు ఉంటుంది, టీవీ టవర్ ఉంటుంది. దిగిన మొదటి శని, ఆదివారాల్లో అవి చూడటం, ఫొటోలు ఇంట్లోవాళ్లకు పంపడం అయిపోతుంది. ఆ గేటు దగ్గర ప్రపంచంలోని అన్ని దేశాలవాళ్లూ ఉంటారు, బెర్లిన్ వాళ్లు తప్ప. చార్మినార్ ముందు సెల్ఫీ తీసుకునే హైదరాబాదీని మనమెక్కడ చూశాం గనక.

జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు చైనావాళ్లను దాటి మనదేశం వాళ్లే ఎక్కువ. 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికి సుమారు 49 వేల మంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు ఉండదని వచ్చేవాళ్లు కొందరు, అక్కడ సీటు దొరక్క ప్రైవేటు కాలేజీలకు లక్షలు కట్టేవాళ్లు కొందరు. ఎవరైనా సరే, 2024 సెప్టెంబరు నుంచి వీసాకు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో చూపించాలి. అందులోంచి నెలకు చేతికొచ్చేది 992. బెర్లిన్‌లో ఒక్క గది అద్దెకే అందులో పెద్ద వాటా పోతుంది. ఊళ్లో నాన్న సంతకం పెట్టిన లోను మీద వడ్డీ దాని మానాన అది పెరుగుతుంటుంది. చదువుకుంటూనే ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు పని చేసుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. అందుకే ఆ సంచీ.

ఆ సంచీ మోసినవాడికి తెలిసినంతగా బెర్లిన్ ఇళ్లు టూరిస్టు గైడుకు తెలియవు. ఇక్కడ పాత ఇల్లంటే ఒక ఇల్లు కాదు. వీధి వైపున ముందిల్లు, దాని కడుపులోంచి దారి, లోపల చతురస్రంగా ఒక వాకిలి, పక్కన రెక్కలా ఒక కట్టడం, ఆ వెనక వెనకిల్లు. కొన్నిచోట్ల దాన్నీ దాటితే మళ్లీ వాకిలి, మళ్లీ ఇల్లు. 1862లో జేమ్స్ హోబ్రెక్ట్ అనే ఇంజనీరు ఊరి విస్తరణకు ప్లాను గీశాడు. వీధులు వెడల్పుగా వేసి, వాటి మధ్య స్థలాలు లోతుగా వదిలాడు. ఆ లోతంతా బిల్డర్లు గదులతో నింపేశారు. లోపలి వాకిలి 5.34 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటే చాలని అప్పటి నిబంధన. మంటలార్పే పంపు బండి తిరగడానికి ఆ జాగా సరిపోతుంది మరి. గదుల్లోకి వెలుతురు వస్తుందా రాదా అన్నది ఆ కొలతలో లేదు. ముందింట్లో ఆఫీసర్లు, డాక్టర్లు. వెనకిళ్లలో ఫ్యాక్టరీ కూలీలు. వీధి నంబరు మాత్రం అందరిదీ ఒకటే.

ఇది నేను పుస్తకంలో చదవకముందే మోకాళ్లకు తెలిసింది. ముందింటి మెట్లకు చెక్కుడు పని రెయిలింగు, కింద తివాచీ. వెనకింటి మెట్లకు పెచ్చులూడిన గోడ, లిఫ్టు లేని నాలుగో అంతస్తు. వేడి తగ్గకముందే పిజ్జా పైకి చేర్చాల్సినవాడికి నూట యాభై ఏళ్ల నాటి తరగతుల తేడా ఐదు నిమిషాల్లో బోధపడుతుంది. ఇప్పుడు లెక్క కొంచెం తిరగబడింది. రోడ్డు రొద వినపడదని వెనకింటికే మక్కువ చూపే డబ్బున్నవాళ్లున్నారు. మెట్లు మాత్రం అవే.

ఇంటి నంబర్లదీ ఒక తమాషా. చాలా వీధుల్లో నంబర్లు ఒక వైపు 1, 2, 3 అంటూ చివరిదాకా వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, ఎదుటి వైపు నుంచి వెనక్కి వస్తాయి. ఒకటో నంబరుకు ఎదురుగా రెండు వందలో నంబరు ఇల్లుండొచ్చు. పేరుమోసిన కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డమ్ వీధి 11వ నంబరుతో మొదలవుతుంది. వీధి మొదటి ముక్కకు 1925లో వేరే పేరు పెట్టడంతో మొదటి పది నంబర్లూ పోయాయి. మిగిలినవాటిని మార్చడానికి ఎవరూ పూనుకోలేదు. కొత్త డెలివరీ కుర్రాళ్లకు పాతవాళ్లు చెప్పే మొదటి పాఠం ఈ నంబర్ల గురించే.

మనుషులు? బెల్లు నొక్కితే తలుపు తీసి, సంచీ అందుకుని, ఒక థ్యాంక్స్ చెప్పి మూసేస్తారు. బెర్లిన్ వాళ్ల నోటి దురుసు జర్మనీ అంతటా ప్రసిద్ధం. కొత్తవాళ్లతో ఈ ఊరు తనంతట తాను మాట్లాడేది సాధారణంగా మందలించడానికే. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని ఎర్రదీపం ఉండగా దాటితే, అవతలి పేవ్‌మెంట్ మీదినుంచి ఓ పెద్దాయన పక్కనున్న పసిపిల్లను చూపించి గట్టిగా అరుస్తాడు. ఆ పిల్ల మిమ్మల్ని చూసి నేర్చుకుంటే దిక్కెవరని ఆయన బాధ. ఆదివారం ఇంకో ప్రపంచం. దుకాణాలు మూత. గోడకు మేకు కొట్టకూడదు, డ్రిల్లు తిప్పకూడదు, ఖాళీ గాజు సీసాలు వీధి డబ్బాలో వేసి చప్పుడు చేయకూడదు. మన కుర్రాళ్లుండే ఇళ్లలో ఆదివారం ఇడ్లీకి కావలసిన కొబ్బరి చట్నీ శనివారం సాయంత్రమే మిక్సీలో తిరిగి ఫ్రిజ్‌లోకి చేరుతుంది.

దీంతో మనవాళ్లలో చాలామంది, జర్మన్లు ఎవరితోనూ కలవరని తేల్చేసుకుంటారు. ముగ్గురు తెలుగువాళ్లు ఒక గదిలో, ముప్ఫైమంది ఒక వాట్సాప్ గ్రూపులో, రాత్రి పూట తెలుగు సినిమా. రెండేళ్ల మాస్టర్స్ అలా గడిచిపోతుంది. నేను వాళ్లను తప్పు పట్టను. అలసట అలాంటిది. కానీ ఇక్కడివాళ్లు ఉత్త పుణ్యానికి మాట్లాడరు గానీ, పని పడితే మాట్లాడతారు. చేతిలో పని ఉంటే ఇంకా బాగా మాట్లాడతారు. కబుర్లు అరుగు మీదే పుట్టాలనుకునే మనకు ఇది వింతే.

నాకు ఆ పని పార్సిల్ రూపంలో పడింది. పార్సిల్ వచ్చినప్పుడు మనం ఇంట్లో లేకపోతే, తెచ్చినవాడు పక్కింట్లో ఇచ్చేసి, ఎవరింట్లో ఇచ్చాడో ఆ ఇంటిపేరు చీటీ మీద రాసి మన డబ్బాలో పడేస్తాడు. మేముండే వైసెన్‌సేలోని ఇంట్లో అందరి పార్సిళ్లూ కింది అంతస్తులో ఒకావిడ దగ్గరికే చేరతాయి. డెబ్భై దాటిన మనిషి, రిటైరయ్యారు, పగలంతా ఇంట్లోనే ఉంటారు. చీటీ పట్టుకుని వెళితే పుస్తకాల పెట్టె చేతికిచ్చి, తలుపు మూయకుండా అడిగారు:

"మీ పేరు బెల్లు మీద రోజూ చూస్తున్నాను. సగమే ఉంది. మిగతా సగం ఏమిటి?"

చెప్పాను. నాలుగోసారికి ఆవిడకు సరిగ్గా పలికింది. అప్పుడుగానీ లోపలికి రమ్మనలేదు.

ఆవిడ తూర్పు బెర్లిన్‌లో ట్రామ్ నడిపారు. ఈ ఊళ్లో ట్రామ్ పట్టాలు ఎక్కడున్నాయో చూస్తే, ఒకప్పుడు ఊరిని తూర్పు, పశ్చిమాలుగా చీల్చిన గోడకు ఏ పక్కన ఉన్నామో ఇప్పటికీ చాలావరకు చెప్పేయొచ్చు. పశ్చిమ బెర్లిన్ బస్సుల మోజులో 1967 నాటికి తన ట్రామ్‌లన్నీ ఎత్తేసింది. తూర్పు ఉంచుకుంది. 1961 ఆగస్టు 13న గోడ లేచినప్పుడు ఆవిడ బడికెళ్లే పిల్ల. ఇల్లు రోజెంతాలర్ చౌక్ దగ్గర. కింద భూగర్భ రైలు దారి, ఈనాటి యూ8. దాని రెండు కొసలూ పశ్చిమంలో, నడుమ ముక్క తూర్పు కింద. అందుకని పశ్చిమం రైళ్లు తూర్పు కిందినుంచి వెళ్లేవి, అక్కడి స్టేషన్లలో మాత్రం ఆగేవి కావు. మెట్ల దారులు మూసేశారు. మసక వెలుతురు ప్లాట్‌ఫారాల మీద తూర్పు కాపలావాళ్లు నిలబడేవారు. వాటిని జనం దెయ్యాల స్టేషన్లన్నారు. పేవ్‌మెంట్ మీద గాలి జాలీ దగ్గర నిలబడితే కింద రైలు వెళుతున్న అదురు పాదాలకు తెలిసేదట. "ఎవరో ఎక్కడికో వెళుతున్నారు, మేం పైన నిలబడి ఉన్నాం" అన్నారావిడ, పెద్ద విషాదమేమీ లేకుండా. ఇరవై ఎనిమిదేళ్లు అలా నడిచింది. ఇప్పుడు నేను రోజూ ఆ రోజెంతాలర్ స్టేషన్లోనే దిగి ట్రామ్ ఎక్కుతాను.

బెర్లిన్‌లో ఇంకా ఏమేం చూడాలని అడిగితే ఆవిడ మ్యూజియం పేరు చెప్పలేదు. శనివారం రండి, చేతులకు తొడుగులు తెచ్చుకోండి అన్నారు.

రైల్లో వెళుతుంటే పట్టాల పక్కన చిన్నచిన్న తోటలు, ఒక్కోదాంట్లో బొమ్మరిల్లంత షెడ్డు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లు పేదల గుడిసెలనుకుంటారు. అవి సంఘాల తోటలు. బెర్లిన్‌లో దాదాపు 70 వేలున్నాయి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు సంఘంలో సభ్యులై, తక్కువ కౌలుకు ఒక ముక్క తీసుకుంటారు. దొరకాలంటే ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. దీనికంతటికీ 1983 నాటి చట్టం ఒకటుంది. తోట 400 చదరపు మీటర్లు మించకూడదు, షెడ్డు 24 దాటకూడదు, అందులో కాపురం పెట్టకూడదు. మూడో వంతు నేలలో కూరగాయలో పండ్లో పండించి తీరాలి. ఉత్త గడ్డి పరుచుకుని ఎండలో పడుకుంటామంటే సంఘం ఊరుకోదు.

ఆవిడకూ అలాంటి తోట ఒకటుంది, నడుం మాత్రం వంగదు. నాకు తవ్వడం వచ్చు. బేరం కుదిరింది. నేను ఇంజనీరింగ్ చదివాను గానీ మా తాతగారిది మిర్చి చేను. పార పట్టుకోవడం చూసి ఆవిడ ఏమీ అనలేదు, రెండో వారం పార మార్చి మంచిది ఇచ్చారు. అదే మెచ్చుకోలు. ఆ తోటలో నాలుగడుగుల మేర పుల్లటి ఆకొకటి ఉంది. జర్మన్లు సూపులో వేసుకుంటారు. నోట్లో పెట్టుకుంటే గోంగూర చుట్టమని నాలుక చెప్పేసింది. ఇంటికి తెచ్చి, నూనెలో మగ్గించి, ఎండుమిరపకాయలు, మెంతులు, వెల్లుల్లి వేయించి పచ్చడి నూరాను. అచ్చం గోంగూర కాదు. దానికి ఆ జిగురు లేదు, రంగు మరీ మురికి ఆకుపచ్చ. అయినా వేడన్నంలో పని జరిగింది. ఒక సీసా ఆవిడకిస్తే రొట్టెకు వెన్న రాసి, పైన అర చెంచా పూసి తిన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసా మాత్రం తిరిగి ఇవ్వలేదు.

తోటవల్ల మిగతా ఊరూ తెరుచుకుంది. నారు కోసం, విత్తనాల కోసం, ఇంగువ కోసం తిరగాలి కదా. మంగళ, శుక్రవారాల్లో మైబాఖూఫర్ కాలవ గట్టు మీద తుర్కీవాళ్ల సంత. 1961 అక్టోబరులో పశ్చిమ జర్మనీ తుర్కియేతో కూలీల ఒప్పందం చేసుకుంది. అలా వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడ వంకాయ, పుదీనా, బెండకాయ అమ్ముతారు. కేకలు పెట్టి పిలిచే దుకాణదారులు, సాయంత్రం సంత ముగిసేవేళకు యూరోకు పెట్టె టమాటాలు. బెర్లిన్‌లో బేరమాడగలిగిన చోటు ఇదేనేమో. తూర్పున లిఖ్టెన్‌బెర్గ్‌లో డాంగ్ షువాన్ సెంటర్ వియత్నాం వాళ్లది. 1980 ఒప్పందం కింద తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలకు వియత్నాం నుంచి కార్మికులు వచ్చారు. గోడ కూలేనాటికి 60 వేలమంది దాకా ఉన్నారు. ఫ్యాక్టరీలు మూతపడగానే ఉద్యోగాలూ, హాస్టల్ గదులూ పోయి, పూలూ కూరగాయలూ అమ్ముకుని నిలబడ్డారు. ఇప్పుడక్కడ పొడుగాటి షెడ్లలో బియ్యం బస్తాల నుంచి ప్లాస్టిక్ పూల దాకా దొరుకుతాయి. కరివేపాకుకు మాత్రం తమిళుల దుకాణమే దిక్కు. శ్రీలంక నుంచి తప్పించుకొచ్చిన తమిళులు 1980లలో తూర్పు బెర్లిన్ విమానాశ్రయంలో దిగి పశ్చిమానికి దాటారు. బ్రిట్స్‌లో వాళ్లు కట్టుకున్న మురుగన్ గుడికి మనవాళ్లూ వెళతారు. ఒక్క పచ్చడి సామాను కోసం తిరిగితే ఈ ఊరి చరిత్ర సగం చేతికొస్తుంది.

పార్కుల్లో రాతి బల్లల సంగతి చెప్పకపోతే నా స్నేహితులు ఊరుకోరు. బెర్లిన్ పార్కుల్లో ఎండకూ వానకూ చెక్కుచెదరని టేబుల్ టెన్నిస్ బల్లలుంటాయి. సాయంత్రం పదిమందైనా ఒకే బల్ల చుట్టూ పరిగెడుతూ ఆడతారు. ఒక దెబ్బ కొట్టి పరుగున అవతలికి వెళ్లాలి, తప్పితే అవుట్. బ్యాటుంటే ఎవరైనా కలవచ్చు. పేరడగరు, వీసా ఏమిటని అసలే అడగరు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగుకే చీకటి, అప్పుడు ఆ బల్లల దగ్గర కాకులు.

టెంపెల్‌హోఫ్ దగ్గర ఇంకో రకం ఆట. 1948లో సోవియట్లు దారులు మూసేస్తే పశ్చిమ బెర్లిన్‌కు తిండీ బొగ్గూ విమానాల్లో దిగిన చోటు. 2008లో విమానాశ్రయం మూసి, 2010లో జనానికి వదిలారు. 300 హెక్టార్ల పైచిలుకు మైదానం. రన్‌వే మీద సైకిళ్లు, గాలిపటాలు. అంచున ఇళ్లు కడతామని ప్రభుత్వమంటే 2014లో జనం ఓటేసి కూడదన్నారు. అద్దెకు గది దొరక్క అల్లాడే విద్యార్థిగా నాకు ఆ తీర్పు మీద రెండు మనసులు. రన్‌వే మీద ఎదురుగాలికి సైకిల్ తొక్కుతున్నంతసేపూ ఒకటే మనసు.

ఈ ఊళ్లో మనకంటే ముందు హైదరాబాదు వాళ్లు తిరిగారు. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ పాలనకు ఎదురుగా బెర్లిన్‌లో భారతీయుల కమిటీ నడిపారు. హైదరాబాదులోనే 1897లో పుట్టిన జాకిర్ హుస్సేన్, తర్వాత రాష్ట్రపతి అయినాయన, 1926లో ఇక్కడ ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. నాకు నచ్చిన సంగతి డాక్టరేట్ కాదు. చదువుకుంటూనే ఇక్కడి కావియానీ ప్రెస్సులో ఉర్దూ కవి గాలిబ్ కవితల దీవాన్ ముద్రింపించారు. అచ్చక్షరాలు పేర్చడం కూడా నేర్చుకుని ఆ పనిలో చెయ్యి వేశారంటారు. ప్రెస్సులో మసి చేతులతో నిలబడిన ఆ విద్యార్థికి బెర్లిన్ లైబ్రరీ కిటికీలోంచి కనపడినట్టు కనపడి ఉండదు.

మా ఇంటి ముందు పేవ్‌మెంట్‌లో మూడు ఇత్తడి పలకలున్నాయి. అరచేతంత, పది సెంటీమీటర్ల చదరం. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టినవి, 2023 నాటికి యూరప్ అంతటా లక్ష. ఇక్కడ నివసించారు అని మొదలై, పేరు, పుట్టిన ఏడు, నాజీలు పట్టుకుపోయిన తేదీ, చంపిన చోటు. ఒకప్పుడు ఇదే గుమ్మం బెల్లుల మీద ఉన్న యూదుల పేర్లవి. మా వైసెన్‌సేలో 1880లో తెరిచిన యూదుల శ్మశానం ఉంది, లక్షకు పైగా సమాధులు. ఈ ముగ్గురికి అందులో చోటు లేదు. ఏటా నవంబరు 9న ఇరుగుపొరుగు వచ్చి పలకలు తోముతారు. 1938లో యూదుల ఇళ్లమీద, ప్రార్థనాలయాల మీద దాడులు జరిగిన రాత్రి అది. 1989లో గోడ తెరుచుకున్నదీ అదే తేదీ. పాలిష్ ట్యూబు తెచ్చిన కింది అంతస్తు ఆవిడకు, మా ఇంట్లో పండక్కి ఇత్తడి సామాను చింతపండుతో తోమినట్టు తోమొచ్చని చెప్పాను. మరుసటి ఏడు చింతపండు ముద్ద నాకే పురమాయించారు. ఇటు నేను, అటు రెండో అంతస్తు పోలండ్ నర్సు, మోకాళ్ల మీద కూర్చుని తోమాం. దారినపోయేవాళ్లు పక్కకు తప్పుకుని నడిచారు. ఒకాయన ఆగి, పేర్లు పైకి చదివి వెళ్లాడు.

అందరూ ఇలాగే ఉంటారని నమ్మించను. రాత్రి రైల్లో మీ దేశం పొమ్మన్న తాగుబోతు ఉన్నాడు. ఫోన్లో గది ఖాళీ ఉందని చెప్పి, నా ఇంటిపేరు విన్నాక లేదన్న ఇంటావిడ ఉంది. జర్మన్ రాకుండా వచ్చినవాడికి ఉద్యోగం మీద చదువు కన్నా భాషే ఎక్కువ అడ్డం పడుతుంది. ఆ మాట కన్సల్టెన్సీలు ముందే చెబితే బాగుండేది. పన్నెండు జిల్లాల్లోనూ చవకగా భాష నేర్పే ప్రజా పాఠశాలలున్నాయి. డెలివరీ షిఫ్టులతో వాటి వేళలు కుదరవు. నాకు వచ్చిన జర్మన్‌లో సగం తోటలోది. ఇంటర్వ్యూలో నా బలాలేమిటని అడిగితే తడబడతాను గానీ, నత్తలు ముల్లంగిని తినకుండా ఏం చేయాలో అడిగితే ఒక్క తప్పు లేకుండా చెబుతాను.

పోయిన వేసవిలో తోటి తెలుగువాళ్ల దగ్గర దొరికిన విత్తనాలతో అసలు గోంగూరే వేశాం. జూలై ఎండకు నడుమెత్తు లేచింది. ఆగస్టులో సంఘం తరఫున తనిఖీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. చేతిలో అట్ట, క్లిప్పు, జేబులో టేపు. ఆపిల్ చెట్టు దాటి, ముల్లంగి మడి దాటి, గోంగూర ముందు ఆగాడు. ఎర్ర కాడ, వేళ్లు విప్పినట్టున్న రంపపు ఆకులు. చుట్టూ తిరిగాడు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు ఇంటి దగ్గర మూడు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. ఇక్కడున్నవి ఇరవైకి పైనే. ఆయన లెక్క పెట్టడం మేం చూస్తూనే ఉన్నాం.

"ఇదేమిటి?" అన్నాడు ఆవిడతో, నన్ను చూస్తూ.

"ఆకుకూర."

"దీన్ని ఏం చేస్తారు?"

"తింటాం. మీరు రాసుకోండి, మూడో వంతు లెక్కలోకి వస్తుంది."

ఆయన నమ్మలేదు. ఒక ఆకు తుంచి ఇచ్చాను. వాసన చూశాడు, కొసన కొరికాడు, మొహం వంకర్లు పోయింది. ఆవిడ షెడ్డులోకి వెళ్లి రొట్టె, పచ్చడి సీసా తెచ్చారు. ఆయన డ్యూటీలో ఉన్నానన్నాడు. అయినా తిన్నాడు. మంచినీళ్లడిగాడు. తర్వాత కాగితం మీద కూరగాయల గడిలో ఏదో రాసి, పేరు ఎలా రాయాలని నన్నడిగాడు. ఒక్కో అక్షరం చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డొచ్చి తప్పు దిద్దారు. రాసుకున్నాక పెన్ను జేబులో పెట్టి టేపు తీశాడు. పక్క తోటవాళ్ల కంచె ఈ ఏడు కూడా ఎత్తు మించినట్టుంది, కొలవాలి, ఈ కొస కాస్త పట్టుకోమన్నాడు.